కట్టుబట్టల చరిత్రకు కాపలా ఎవరు?

చీరాల: పెళ్లినాటి పట్టుచీరను బీరువాలో మడతపెట్టి దాచుకున్న ఇల్లు ప్రతి వీధిలోనూ ఉంటుంది. నాట్లు వేసేటప్పుడు కట్టిన ముతక చీరను దాచిన ఇల్లు మాత్రం ఊరంతా గాలించినా దొరకడం కష్టం. మన ప్రదర్శనశాలల తీరూ ఇందుకు భిన్నంగా లేదు. నవాబుల అంగరఖాలు, జమీందారుల జరీ కండువాలు అద్దాల వెనుక భద్రంగా ఉన్నాయి. వాటిని నేసిన వారు, ఉతికిన వారు, వాటి యజమానుల పొలాలు దున్నిన వారు ఏమి కట్టుకున్నారో చూపే వస్త్రాలు అరుదు. నేత మీదనే బతికిన ఈ ప్రాంతంలో సైతం ముత్తాతల నాటి పంచె ఎలా ఉండేదో చూడదలచిన విద్యార్థికి ఛాయాచిత్రాలే దిక్కు. వాటిలోనూ అధికభాగం పండుగనాడు కొత్తబట్టలు కట్టుకుని తీయించుకున్నవే.

సామాన్యుల నిత్యవస్త్రాలను సేకరించి, భద్రపరచి, పాఠ్యాంశంగా బోధించే పని విశ్వవిద్యాలయాలు చేపట్టవచ్చునా అన్న ప్రశ్నకు అమెరికాలోని ఒక మహిళా కళాశాల అనుభవం సమాధానం చెబుతోంది. ఆ అనుభవం నుంచి మనం గ్రహించవలసినది కొంత ఉంది. యథాతథంగా అనుకరిస్తే పనికిరానిదీ కొంత ఉంది.

నాటకాల గదిలో మొలిచిన ఆలోచన

మసాచుసెట్స్ రాష్ట్రం నార్తాంప్టన్ పట్టణంలోని స్మిత్ కళాశాల 1871లో స్థాపితమైంది. అక్కడి రంగస్థల విభాగంలో ఆహార్య రూపకల్పన బోధించిన ప్రొఫెసర్ కాథరిన్ స్మిత్‌ను అందరూ కికీ స్మిత్ అంటారు. (కళాశాలకు ఆ పేరు వచ్చింది మాత్రం సోఫియా స్మిత్ అనే దాత వీలునామా వల్ల.) నాటకాల వేషాలకు పనికివస్తాయని దాతలు ఇచ్చిన పాత దుస్తుల రాశిలో నిజంగానే చారిత్రక విలువ కలిగినవి ఉన్నాయని ఆమె గుర్తించారు. వాటిని వేదిక మీద చెమటకూ చిరుగుకూ అప్పగించడం తగదని విడిగా తీసిపెట్టారు. అలా మొదలైన సేకరణ నాలుగు దశాబ్దాలకు పైగా సాగి, 4 వేలకు పైబడిన దుస్తులు, ఉపకరణాలతో ‘స్మిత్ కళాశాల చారిత్రక వస్త్ర సేకరణ’గా రూపుదిద్దుకుంది.

ఆ సేకరణ ప్రత్యేకత సంఖ్యలో లేదు, ఎంపికలో ఉంది. పేరుమోసిన దర్జీలు కుట్టిన విందు గౌన్లకు పెద్ద మ్యూజియంలలో ఎలాగూ చోటు దొరుకుతుంది. ఇక్కడ చేరినవి వంటింట్లో కట్టుకున్న గౌన్లు, పరిచారికల ఏకరూప దుస్తులు, అతుకులు వేసినవి, మరకలు పడినవి, అక్క తొడిగాక చెల్లెలికి సరిచేసినవి. 1930ల ఆర్థికమాంద్యం నాటి ఇంటిగౌను వాటిలో ఒకటి. వేసుకుని వేసుకుని అరిగిపోయి, పదేపదే బాగుచేయించుకున్న ఆ గౌను ధర ఏ వేలంలోనూ నాలుగు డాలర్లు పలకకపోవచ్చు. ఆ కాలపు గృహిణి బతుకును గురించి అది చెప్పే సంగతులు మాత్రం విందుగౌను చెప్పజాలదు. ఈ సేకరణపై కికీ స్మిత్ రాసిన గ్రంథం 2023లో వెలువడింది. 2024 సెప్టెంబరు నుంచి 2025 జూన్ వరకు న్యూయార్క్ హిస్టారికల్ మ్యూజియంలో వీటిలో కొన్నింటితో ప్రదర్శన జరిగింది. రెండు శతాబ్దాల స్త్రీల దుస్తులను రాజుల, రాణుల ప్రస్తావన లేకుండా ఇల్లు, ఉద్యోగం, జీవిత ఘట్టాలు అనే వరుసలో పేర్చి చూపడం ఆ ప్రదర్శన విశేషం.

ఇటువంటి ప్రయత్నం స్మిత్ ఒక్కదానిదే కాదు. కార్నెల్ విశ్వవిద్యాలయంలో వస్త్ర సేకరణకు 1915లోనే బీజం పడింది. నేడు అందులో 10 వేలకు పైగా వస్తువులున్నాయి. అది పుట్టింది ఏ చరిత్ర శాఖలోనో కాదు, గృహవిజ్ఞాన విభాగంలో. ఈ సంగతి మనకు ముఖ్యం. ఎందుకంటే గృహవిజ్ఞాన కళాశాలలు, వాటిలో వస్త్ర విభాగాలు మన రెండు రాష్ట్రాలలోనూ ఉన్నాయి. గుంటూరు సమీపంలోని లాంలో ఆచార్య ఎన్.జి.రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం, హైదరాబాద్ సైఫాబాద్‌లోని కళాశాల ఇందుకు ఉదాహరణలు. నూలు బలాన్నీ, రంగు నిలకడనూ పరీక్షించడం అక్కడి పాఠ్యాంశాలలో భాగమే. లోపించింది శాస్త్రజ్ఞానం కాదు, పాత బట్టకు విలువ ఉన్నదన్న గుర్తింపు.

మనకెందుకు మిగలలేదు?

దీనికి పేదరికం ఒక్కటే కారణం కాదు. తెలుగువారి ఇంట బట్టకు చావు ఒక్కసారిగా రాదు. చీర పాతబడితే ఓణీ అవుతుంది, చిరిగితే పసిబిడ్డకు ఉయ్యాల, పొత్తిగుడ్డ. మిగిలిన ముక్కలు బొంతలోకి, అందుకూ చాలనివి మసిగుడ్డగా పొయ్యి దగ్గరకు, చివరి పీలికలు దీపపు వత్తికి చేరతాయి. పొదుపరితనానికి ఇంతకు మించిన నిదర్శనం లేదు. చరిత్రకారుడికి ఇంతకు మించిన నష్టమూ లేదు. ఆ తరువాత వీధిలోకి స్టీలు సామాన్ల వారు వచ్చారు. గంపెడు పాతబట్టలకు ఒక గిన్నె చొప్పున రెండు తరాల నిత్యవస్త్రాలు గడప దాటాయి. పట్టుచీరకు సైతం ఈ గతి తప్పలేదు. జరీలోని వెండి కోసం కొనుగోలు చేసి కాల్చేసే వ్యాపారం అందరికీ తెలిసినదే.

మరణించిన వారి బట్టలు ఇంట ఉంచరాదన్న ఆచారం మరొకటి. తాత పోయిన పదిరోజులలో ఆయన పంచెలు రజకుడికో, దానానికో పోతాయి. పరుల విడుపుబట్ట తాకడం చిన్నతనమన్న భావన దీనికి తోడు. విశ్వవిద్యాలయం వారు వచ్చి మీ అమ్మమ్మ చిరుగుచీర ఇవ్వండని అడిగితే, ఆ ఇంటివారు మర్యాదకు కొత్తచీర తెచ్చి చేతిలో పెట్టే అవకాశమే ఎక్కువ. సేకరణకు పూనుకునేవారు ముందుగా దాటవలసిన గడప ఇదే.

తొలుత గుర్తించినవాడు వ్యాపారి

మన నిత్యవస్త్రాలను ఎవరూ ఏనాడూ సేకరించలేదనుకుంటే పొరపాటు. 1866లో లండన్‌లోని ఇండియా ఆఫీసుకు చెందిన జాన్ ఫోర్బ్స్ వాట్సన్ భారతదేశపు వస్త్రాల నమూనాలతో 18 సంపుటాలు సిద్ధం చేశాడు. వాటిలో 700 గుడ్డముక్కలు ఉన్నాయి. తలపాగాలు, పంచెలు, చీరలు, లుంగీలు, రుమాళ్లు మొదలైన వాటి నుంచి కత్తిరించిన అసలు వస్త్రాలవి. మద్రాసు రాజధానిలో నేసినవీ వాటిలో చేరాయి. ఇటువంటివి 20 ప్రతులు తయారుచేయించి, 13 బ్రిటన్‌లోనూ 7 భారతదేశంలోనూ ఉంచేలా పంపిణీ చేశారు.

ఇంత శ్రమ ఎందుకంటే, బ్రిటిష్ మిల్లుల యజమానులు భారతీయులకు నచ్చే గుడ్డను అచ్చంగా నేసి అమ్ముకోవడానికి. బంగారు జరీ వస్త్రాలు కొనేవారు కొద్దిమంది, అసలు బజారు కోట్లాది సామాన్యులు కట్టే సాదా బట్టలోనే ఉందన్నది వాట్సన్ గ్రహింపు. మన పండితులు పట్టించుకోని పంచె అంచునూ చీర పొడవునూ ఆయన కొలిపించి, రాయించి పెట్టాడు. పరాయి ప్రభుత్వం మన మార్కెట్టును కాజేయడానికి చేసిన పని నేడు మన చరిత్రకు ఆధారమైంది. కానీ ఆ ముక్కలకు ఊరుపేరు ఉన్నా మనిషి పేరు లేదు. కట్టినవారెవరో, నేసినవారెవరో అందులో కానరాదు. అసలు అవి ఎవరూ కట్టని కొత్త గుడ్డలు. నమూనా పుస్తకానికీ స్మిత్ తరహా సేకరణకూ ఉన్న తేడా ఇదే.

పెట్టెలో పెడితే చీర ఆరు గజాల గుడ్డే

అమెరికా పద్ధతి మనకు యథాతథంగా సరిపోకపోవడానికి బలమైన కారణం ఉంది. గౌను కుట్టిన దుస్తు. తొడిగిన మనిషి పోయినా భుజం వెడల్పు, నడుము కొలత, ఆకారం అందులో నిలిచే ఉంటాయి. బొమ్మకు తొడిగితే మనిషి కళ్లముందు నిలుస్తుంది. చీర, పంచె, కండువా, తలపాగా అలాంటివి కావు. మగ్గం నుంచి దిగిన తీరుననే ఒంటికి చేరతాయి. వాటికి ఆకారమిచ్చేది కట్టు. ఆ కట్టు చేతులలో ఉంటుంది తప్ప గుడ్డలో ఉండదు. విప్పి మడిచి పెట్టెలో పెట్టిన క్షణం సగం చరిత్ర పోయినట్లే.

గోచీ పోసి కట్టడానికి 8, 9 గజాల చీర కావాలి. నేడు మార్కెట్టులో దొరికే చీర పొడవుకు ఆ కట్టు కుదరదు. కట్టు పోయింది కనుక పొడవు తగ్గిందా, పొడవు తగ్గినందున కట్టు పోయిందా అన్నది పరిశోధకులు తేల్చవలసిన విషయం. ఫ్రాన్స్‌కు చెందిన పరిశోధకురాలు శాంతాల్ బూలాంజే దక్షిణాదిన తిరిగి నమోదుచేసిన చీరకట్టు రీతుల గ్రంథం 1997లో వెలువడింది. రీతా కపూర్ చిస్తీ దేశవ్యాప్తంగా 108 రీతులను గ్రంథస్థం చేశారు. మాగాణిలో నాటు వేసే స్త్రీ ఒకలా, ఉప్పు మళ్లలో పనిచేసే స్త్రీ ఒకలా, చేపల గంప మోసే స్త్రీ మరొకలా చీరను ఎగదోపుకుంటారు. పని మారితే కట్టు మారుతుంది. యంత్రాలు వచ్చి పనులే మారిపోతున్న ఈ కాలంలో ఆ కట్టు తెలిసినవారు ఎనిమిది పదులు దాటిన వృద్ధులే. కనుక తెలుగునాట సేకరణ అంటే వస్త్రంతోపాటు కట్టు తీరు వీడియో, కట్టినవారి మాటల రికార్డు కలిసి ఉండాలి. ఈ మూడింటిలో ఏ ఒక్కటి లోపించినా తక్కినవి అసంపూర్ణమే.

బట్టను చదవడం ఎలా?

వస్తువును పుస్తకంలా చదివే విద్యకు పాశ్చాత్య విశ్వవిద్యాలయాలలో ఒక క్రమం ఏర్పడింది. అమెరికా కళాచరిత్రకారుడు జూల్స్ ప్రౌన్ 1982లో ప్రతిపాదించిన వర్ణన, నిర్ధారణ, ఊహ అనే మూడు మెట్ల పద్ధతి దానికి పునాది. ఇంగ్రిడ్ మిడా, అలెగ్జాండ్రా కిమ్ 2015లో దుస్తుల అధ్యయనానికి ప్రత్యేకంగా ఒక మార్గదర్శక గ్రంథం వెలువరించారు. ముందు కనబడినది కనబడినట్లు రాయాలి. అర్థం చెప్పే తొందర తరువాత.

మన దగ్గర ఒక పాత నేతచీర ఉందనుకుందాం. దారం ఎగుడుదిగుడుగా ఉంటే చేతితో వడికినదని, సమంగా ఉంటే మిల్లు నూలని తొలి అంచనా వేయవచ్చు. అంగుళానికి ఎన్ని పోగులో లెక్కిస్తే నేత నాణ్యత తెలుస్తుంది. కింది అంచు ఒకవైపు ఎక్కువ అరిగి ఉంటే అది కట్టిన తీరుకు గుర్తు. నడుము దగ్గర దోపుకున్న చోట గీతలు పడతాయి, మోకాళ్ల దగ్గర పలచబడుతుంది. పైట భుజం మీద చిల్లులుంటే ఏమి మోశారని అడగాలి. పసుపు మరక, పాల మరక, బురద చార వేర్వేరు సంగతులు చెబుతాయి. అతుకు గుడ్డ ఏ చీరలోనిదో తేలితే ఆ ఇంట అంతకుముందు ఉన్న బట్ట తెలుస్తుంది.

మూలన నల్లని చిన్న గుర్తు కనిపిస్తే దానిని మరకగా భావించి వదిలేయరాదు. అది నల్లజీడి గింజ రసంతో రజకుడు పెట్టిన గుర్తు. ఏ ఇంటి బట్ట ఆ ఇంటికి చేరడానికి ఆయన వాడుకున్న లిపి అది. ఎన్ని ఉతుకులకూ పోదు. ఊరి గుర్తులన్నీ ఒకచోట చేరిస్తే గడపలవారీగా జాబితా తయారవుతుంది. నాకు తెలిసినంతలో దీనిపై శ్రద్ధ పెట్టిన విద్యార్థి ఈ చుట్టుపక్కల లేడు. ఒక పరిశోధన పట్టాకు కాదు, రెండింటికి సరిపడే సామగ్రి అందులో ఉంది.

రంగు విషయానికి వస్తే ప్రయోగశాల సాయం తప్పదు. తీరాంధ్ర అద్దకాలకు పూర్వం ఎరుపునిచ్చింది చిరివేరు. 1868లో జర్మనీ శాస్త్రవేత్తలు అలిజరిన్‌ను కృత్రిమంగా తయారుచేసిన తరువాత ఆ వేరుకు గిరాకీ పడిపోయింది. ఒక పోగును పరీక్షిస్తే ఎరుపు వేరుదా, సీసాదా అని తేలుతుంది. దానితో వస్త్రం వయసుపై కొంత పట్టు దొరుకుతుంది.

ఉతకరాదు, గంజి పెట్టరాదు

భద్రపరచడమంటే శుభ్రంగా ఉతికి, ఇస్త్రీచేసి, కలరా ఉండలు వేసి బీరువాలో పెట్టడమని మనవారి నమ్మకం. వస్త్ర సంరక్షణ నిపుణుల మాట ఇందుకు దాదాపు వ్యతిరేకం. ఉతికితే సాక్ష్యం పోతుంది, పాత నూలు తడి బరువుకే చినిగిపోతుంది. దుమ్మును పలుచని వల అడ్డుపెట్టి మెత్తగా పీల్చే యంత్రంతో తీయాలి. గంజి బట్టకు నిగారింపే కానీ వెండిపురుగుకు విందు. నాఫ్తలీన్ ఉండలు మనుషుల ఆరోగ్యానికీ మంచివి కావు. మడత పడిన చోటే గుడ్డ చిట్లుతుంది కనుక చీరలను ఆమ్లరహిత కాగితం చుట్టిన గొట్టాలకు చుట్టాలి. అది దొరకని చోట పలుమార్లు ఉతికిన, గంజి లేని, రంగు వేయని ముతక గుడ్డ వాడవచ్చు. మడతపెట్టక తప్పకపోతే మడతల మధ్య మెత్తని గుడ్డచుట్టలు ఉంచి, కొన్ని నెలలకొకసారి మడత చోటు మార్చాలి. చెక్కపెట్టె నుంచి ఆమ్లం, రేకుపెట్టె నుంచి తుప్పు గుడ్డకు అంటుతాయి. రంగుపూత గట్టిగా ఉన్న ఉక్కు అల్మారా మేలు.

వెలుతురు మరో శత్రువు. ప్రదర్శనలో 50 లక్స్‌కు మించరాదన్నది మ్యూజియంలు పాటించే ప్రమాణం. మన ఇళ్లలోని గదిదీపం కన్నా అది చాలా తక్కువ. గాలిలో తేమ 50 శాతం దరిదాపులలో ఉండాలంటారు. సముద్రతీరాన ఉన్న మనకు ఇదే అసలు చిక్కు. 65 శాతం దాటి కొనసాగితే బూజు ఖాయం. వేసవి, వానాకాలం ఆ మేరకు తేమ తగ్గని ఊళ్లు మనవి. ఇరవై నాలుగు గంటలూ ఏసీ నడపడం సాధ్యం కాకపోవచ్చు. గాలి ఆడేలా గోడకు దూరంగా, నేలకు ఎత్తుగా అల్మారాలు పెట్టడం, తేమను కొలిచే చిన్న పరికరాన్ని రోజూ చూసి రాసుకోవడం ఖర్చులేని పనులు. పురుగు పట్టిన గుడ్డను పాలిథిన్ సంచిలో మూసి మైనస్ 20 డిగ్రీల కన్నా తక్కువ చలిలో కొన్ని రోజులుంచితే మందు లేకుండానే పురుగు చస్తుంది.

చరిత్రతో కూడు దొరుకుతుందా?

పాతగుడ్డల మీద ప్రజాధనం ఖర్చేమిటన్న ప్రశ్న తప్పక వస్తుంది. నేతకారుల సంఖ్య తగ్గుతున్న మాట వాస్తవం. 2009-10 చేనేత గణనలో దేశవ్యాప్తంగా 43.31 లక్షల మంది నేత, అనుబంధ కార్మికులుండగా 2019-20 నాటికి 35.22 లక్షలకు తగ్గారు. బతికున్న నేతన్నకు నూలు ఇవ్వలేని చోట పోయిన నేతన్న పంచెకు అల్మారా కొనడం ఎలా సబబన్న వాదనను కొట్టిపారేయలేం.

అయితే పాత వస్త్రం నేటి నేతకు ఆస్తిపత్రం కూడా. 1999 నాటి భౌగోళిక గుర్తింపుల చట్టం కింద దరఖాస్తు చేసే వారు ఆ వస్తువు ఆ ప్రాంతంలో పుట్టినదని ఆధారాలు చూపాలి. అటువంటప్పుడు మాటల కన్నా తేదీ, ఊరు, నేసినవారి వివరాలు నమోదైన గుడ్డకు బలం ఎక్కువ. తేలియా రుమాలు సంగతే చూడండి. ఆముదపు కాయల బూడిద, నూనెలతో నూలును నానబెట్టి, ఎరుపు, నలుపు, తెలుపులలో నేసిన ఈ చదరపు గుడ్డకు పుట్టినిల్లుగా చీరాలకు పేరుంది. ఆనాడు అది విలాసవస్తువు కాదు. జాలర్లు, పశువుల కాపరులు మొలకు చుట్టుకున్నారు, తలకు కట్టుకున్నారు. అరబ్బు దేశాలకు ఎగుమతి అయింది. కాలక్రమంలో ఇక్కడ మగ్గాలు ఆ నేతకు దూరమయ్యాయి. నేటి యాదాద్రి భువనగిరి జిల్లాలోని పుట్టపాక నేతకారులు దానిని పట్టుదలతో నిలబెట్టారు. 2020లో భౌగోళిక గుర్తింపు ‘పుట్టపాక తేలియా రుమాల్’ పేరిట లభించింది. అది వారి కష్టానికి న్యాయమైన ఫలం. ఒకప్పటి జాలరి కట్టుకున్న చెమటవాసన రుమాలు ఒక్కటి చూడాలన్నా చీరాల పిల్లలకు చీరాలలో చోటు లేదన్నదే ఇక్కడి బాధ.

బాధ్యత ఎవరిది?

ఈ పని ప్రదర్శనశాలకు కాక విశ్వవిద్యాలయానికే ఎందుకు అప్పగించాలంటే, అద్దం వెనుక పెట్టినది చూడటానికే తప్ప నేర్చుకోవడానికి పనికిరాదు. స్మిత్ కళాశాలలో విద్యార్థినులే దుస్తులను పరిశీలించి, కొలిచి, నమోదుచేసి, పరిశోధించారు. మన వద్ద గృహవిజ్ఞాన విభాగానికి సంరక్షణ తెలుసు. చరిత్ర శాఖకు కాలం తెలుసు, తెలుగు శాఖకు మాట తెలుసు. పుంజాలు, అచ్చు, పన్నె, ఆసు, కండె వంటి నేతపదాల అర్థం చెప్పగలవారూ తగ్గిపోతున్నారు. ఈ మూడు శాఖలు ఒక గదిలో కూర్చోవడమే మన విశ్వవిద్యాలయాలలో కష్టతరమైన పనేమో.

భవనం వచ్చాకనే ప్రారంభిస్తామంటే ఎన్నటికీ కాదు. మన పక్కనే వేటపాలెంలో 1918లో ఆరంభమైన సారస్వత నికేతనం ఉంది. మరెక్కడా దొరకని పాత తెలుగు పత్రికల కోసం పరిశోధకులు నేటికీ అక్కడికి వస్తారు. చిత్తుకాగితాల కింద పోవలసిన వాటిని ఒక పల్లె గ్రంథాలయం బైండు చేసి దాచింది. బట్టల విషయంలో అటువంటి పని మొదలుపెట్టడానికి డిగ్రీ కళాశాలలోని ఒక గది చాలు. విశ్వవిద్యాలయం శిక్షణ, ప్రయోగశాల, శాశ్వత నిల్వ బాధ్యత తీసుకోవాలి.

నమోదులో కొంత జాగ్రత్త అవసరం. ఇచ్చినవారి సమ్మతి రాతపూర్వకంగా ఉండాలి. తిరిగి అడిగితే ఏమి చేయాలో ముందే తేల్చుకోవాలి. కట్టు వీడియోలను ఎవరు, ఎక్కడ చూడవచ్చునో ఆ వృద్ధురాలే నిర్ణయించాలి. ఫలానా కట్టు ఫలానా కులానిదని ముద్రవేసి పెట్టడం కన్నా, ఏ ఊరిలో, ఏ పనిలో, ఏ వయసులో ఎలా కట్టారని ఆమె మాటలలోనే రాయడం మేలు. పై కులాల పంచెలతోనే అల్మారా నిండకుండా చూడటం మరీ ముఖ్యం. కూలీ తువ్వాలు, పారిశుద్ధ్య కార్మికుడి ఖాకీ చొక్కా, పొగాకు గ్రేడింగు కూలీ చీర మీద వేసుకునే పాత చొక్కా అడగకపోతే ఎవరూ ఇవ్వరు.

ఏటా ఆగస్టు 7న జాతీయ చేనేత దినోత్సవం జరుపుతున్నారు. 2015 నుంచి ఇది ఆనవాయితీ. ఆ రోజున కొత్త చీరల అమ్మకపు దుకాణాలకు కొదవ ఉండదు. వాటి వరుసలో పాత వస్త్రాలను స్వీకరించే బల్ల ఒకటి వేయడానికి కావలసింది ఒక రిజిస్టరు, ఒక కెమెరా, గంజి పోయేలా ఉతికిన ముతక గుడ్డ నాలుగు గజాలు, వచ్చినవారిని కూర్చోబెట్టి మాట్లాడే ఓపిక ఉన్న ఇద్దరు విద్యార్థులు.